మెనూ నొక్కినా తెరుచుకోవట్లేదా? సైట్ డౌన్ కాదు.. అసలు కారణం ఇదే!

వెబ్‌సైట్ మామూలుగానే ఓపెన్ అవుతుంది. పైన వరసగా హోమ్, సేవలు, దరఖాస్తులు, ఫలితాలు అని కనిపిస్తాయి. 'ఫలితాలు' మీద నొక్కితే కింద ఒక జాబితా రావాలి. రాదు. లేదంటే వచ్చినట్టే వచ్చి మాయమైపోతుంది. ఇంకోసారి నొక్కితే సంబంధం లేని పేజీ తెరుచుకుంటుంది. సర్వర్ బిజీ అనో, నెట్ స్లో అనో అనుకుని చాలామంది అక్కడితో వదిలేస్తారు. నిజానికి సర్వర్ బాగానే ఉంటుంది, నెట్ కూడా బాగానే ఉంటుంది. తేడా కొట్టేది ఆ మెనూ రాసిన తీరుకి, మన దగ్గరున్న బ్రౌజర్‌కి మధ్యే.

చూడటానికి చిన్న విషయమే. కానీ హాల్ టికెట్ లింక్ ఆ మెనూలోనే ఉంటే? దరఖాస్తుకు ఇవాళే ఆఖరి రోజు అయితే? మెనూ తెరుచుకోకపోవడం అంటే ఆఫీసు తెరిచే ఉన్నా లోపలికి వెళ్లే తలుపు మాత్రం రాకపోవడమే. ఈ తిప్పలు ఇవాళ్టివి కావు. ఇరవై ఏళ్లకు పైగా వెబ్ డెవలపర్లను వేధించినవే, ఇప్పుడు రూపం మార్చుకుని ఫోన్లలోకి వచ్చాయి. అసలేం జరుగుతోంది? ఎలా సరిచేస్తారు? వివరాల్లోకి వెళ్తే..

హోవర్.. కథంతా దీని చుట్టూనే

కంప్యూటర్‌లో మౌస్ బాణాన్ని ఒక పదం మీదికి తీసుకెళ్లి, నొక్కకుండా ఊరికే ఉంచడాన్ని హోవర్ అంటారు. బాణం వాలగానే కిందికి జాబితా జారుతుంది కాబట్టే దానికి డ్రాప్‌డౌన్ మెనూ అనే పేరు. పేజీలో రంగులు, అమరిక చూసుకునే భాష సీఎస్ఎస్. 1998లో వచ్చిన దాని రెండో వెర్షన్ ప్రకారం హోవర్ అనేది లింక్ మీదే కాదు.. పేరా మీద, బొమ్మ మీద, జాబితాలోని ఒక వరస మీద కూడా పనిచేయొచ్చు. మెనూకి కావాల్సింది ఆ చివరిదే. 'సేవలు' అనే వరస మీద బాణం ఉంటే, దాని లోపల దాచిన చిన్న జాబితాను చూపించు.. ఆదేశం ఇంతే. ఒక్క లైను. జావాస్క్రిప్ట్ అక్కర్లేదు.

రాతలో ఇది బ్రహ్మాండంగానే ఉంది. చిక్కల్లా ఆ కాలంలో లోకమంతా వాడిన బ్రౌజర్‌తో వచ్చింది.

ఐదేళ్లు కదలని ఐఈ 6

మైక్రోసాఫ్ట్ 2001 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6ను విడుదల చేసింది. అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు అది ఇళ్లకీ, ఆఫీసులకీ చేరిపోయింది. తర్వాతి వెర్షన్ ఐఈ 7 వచ్చింది మాత్రం 2006 అక్టోబరులో. అంటే ఐదేళ్ల గ్యాప్. ఈ ఐఈ 6కి హోవర్ తెలియక కాదు.. తెలుసు, కానీ లింకుల మీద మాత్రమే. జాబితా వరస మీద హోవర్ అంటే దానికి అర్థం కాదు. కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లో, ఓపెరాలో చక్కగా తెరుచుకునే మెనూ ఐఈ 6లో రాయిలా అలాగే ఉండిపోయేది.

తెలుగు పాఠకులు ఐఈని అంత తొందరగా వదలకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. యూనికోడ్ తెలుగు స్థిరపడక ముందు మన పత్రికల సైట్లు కొన్ని సొంత ఫాంట్లతో నడిచేవి. పేజీతో పాటే ఫాంట్ కూడా దిగే డైనమిక్ ఫాంట్ పద్ధతి ఐఈలోనే సరిగా పనిచేసేది. ఫైర్‌ఫాక్స్‌లో అదే పేజీ తెరిస్తే తెలుగు బదులు అర్థం కాని గుర్తులు కనిపించేవి. దాన్ని చదువుకోవడానికి 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఇంత తంటా ఎందుకని మిగతావాళ్లు ఐఈతోనే కాలం గడిపేశారు. దాంతో పాటే దాని మెనూ కష్టాలూ కొనసాగాయి.

డజను లైన్లతో 'సకర్‌ఫిష్' మందు

2003 నవంబరులో 'ఎ లిస్ట్ అపార్ట్' అనే వెబ్ పత్రికలో ప్యాట్రిక్ గ్రిఫిత్స్, డాన్ వెబ్ కలిసి ఒక వ్యాసం రాశారు. పేరు 'సకర్‌ఫిష్ డ్రాప్‌డౌన్స్'. పెద్ద చేపలకు అతుక్కుని తిరిగే చేప పేరది. అప్పటిదాకా డ్రాప్‌డౌన్ మెనూ అంటే జావాస్క్రిప్ట్ చాంతాడంత ఉండేది. మెనూలోని లింకులు కూడా ఆ స్క్రిప్టులోనే ఇరుక్కుని ఉండేవి. స్క్రిప్ట్ ఏ కారణంతో ఆగిపోయినా లింకులన్నీ గల్లంతే.

వీళ్లు చేసింది వేరు. లింకులన్నిటినీ మామూలు జాబితాగా పేజీలోనే పెట్టారు. మంచి బ్రౌజర్లకు సీఎస్ఎస్ హోవర్ చాలు. ఐఈ 6 కోసం మాత్రం చిన్న స్క్రిప్ట్ ముక్క జోడించారు. అది చేసే పని వింటే నవ్వొస్తుంది. బాణం ఒక వరస మీదికి రాగానే ఆ వరసకు ఒక పేరు తగిలిస్తుంది. బాణం పక్కకు వెళ్లగానే ఆ పేరు తీసేస్తుంది. సీఎస్ఎస్‌లో 'ఈ పేరు ఉన్న వరస కనిపిస్తే లోపలి జాబితా చూపించు' అని ముందే రాసి ఉంటుంది. ఐఈ 6కి హోవర్ అర్థం కాకపోయినా పేరు అర్థమవుతుంది కదా.. అంతే, మెనూ తెరుచుకుంటుంది.

ఆ తర్వాత దీనికి కొడుకు కూడా పుట్టాడు. 'సన్ ఆఫ్ సకర్‌ఫిష్' అనే మెరుగైన వెర్షన్‌లో అసలైన మార్పు ఒకటుంది. మొదటి దాంట్లో లోపలి జాబితాను పూర్తిగా దాచేసేవారు. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్లు అలా దాచినదాన్ని చదవకుండా వదిలేసేవి. రెండో దాంట్లో జాబితాను దాచలేదు.. తెర ఎడమ అంచు దాటించి, కనిపించనంత దూరానికి నెట్టేశారు. కంటికి కనబడదు, స్క్రీన్ రీడర్‌కు మాత్రం దొరుకుతుంది. హోవర్ చేస్తే తిరిగి చోటులోకి వస్తుంది. చూడటానికి గారడీలా ఉన్నా చాలామందికి దారి చూపించిన మార్పు ఇది.

ఇదే సమస్యకు పీటర్ నెడర్‌లోఫ్ అనే డెవలపర్ 'వాటెవర్ హోవర్' పేరుతో ఇంకో విరుగుడు ఇచ్చారు. ఐఈకి మాత్రమే అర్థమయ్యే 'బిహేవియర్' ఫైల్ ఒకటి తగిలిస్తే, ఏ భాగం మీదైనా హోవర్ పనిచేసేది. తేలిక పనే, కానీ ఐఈ 10 నుంచి మైక్రోసాఫ్ట్ మామూలు పేజీల్లో ఆ సదుపాయమే ఎత్తేసింది. బ్రౌజర్ సొంత తెలివితేటల మీద ఆధారపడ్డ మందులకు ఆయుష్షు తక్కువని దీంతో తేలిపోయింది.

తెరుచుకుంది.. కానీ బాక్సు వెనకాల!

ఐఈ 6లో మెనూ తెరిపించడంతో పని అయిపోలేదు. మెనూ కింద పేజీలో జిల్లా ఎంచుకోమనే సెలెక్ట్ బాక్సు ఉందనుకోండి. జారిన జాబితా మీద నుంచి ఆ బాక్సు పొడుచుకొచ్చేది. ఏది ముందు, ఏది వెనక అని చెప్పే జెడ్-ఇండెక్స్ ఎంత పెంచినా లాభం లేదు. కారణం ఏంటంటే, ఐఈ 6లో సెలెక్ట్ బాక్సును గీసేది పేజీ కాదు, విండోస్. అది పేజీ మాట వినదు.

డెవలపర్లు దీనికీ ఓ ఉపాయం పట్టారు. ఐఫ్రేమ్ అనే పెట్టె ఒక్కటే సెలెక్ట్ బాక్సును కప్పగలదని గమనించి, మెనూ కింద సరిగ్గా అంతే కొలతలతో ఖాళీ ఐఫ్రేమ్ ఒకటి పరిచారు. దాని మీద మెనూ కూర్చుంటుంది. టేబుల్ కాలు కింద అట్టముక్క పెట్టినట్టన్నమాట. ఐఈ 7లో ఈ బాధ పోయింది.

వీడియో సైట్లలో ఇంకో రకం గొడవ ఉండేది. అప్పట్లో వెబ్‌లో వీడియో అంటే ఫ్లాష్ ప్లేయరే. న్యూస్ సైట్లలో మెనూకి సరిగ్గా కింద వీడియో ఉంటుంది కదా.. జారిన మెనూ వీడియో వెనక్కి పోయేది. ఫ్లాష్ ఎంబెడ్ కోడ్‌లో డబ్ల్యూమోడ్ అనే ఒక సెట్టింగ్‌ను 'ఒపేక్' అని మారిస్తే మెనూ వీడియో మీదికి వచ్చేది. ఒక్క పదం మార్పు. అది తెలియక మెనూ మొత్తాన్ని తిరగరాసినవాళ్లు పడ్డ శ్రమ అనవసరం. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు అడోబీ సపోర్ట్ ముగిసింది, ఆ సమస్యా పోయింది.

ఐఈ 7 హోవర్‌ను సరిచేసింది గానీ కొత్త కిరికిరి తెచ్చింది. మెనూకి ఎంత పెద్ద జెడ్-ఇండెక్స్ ఇచ్చినా, దాని తర్వాత వచ్చే బ్యానర్ దాన్ని మింగేసేది. ఇక్కడ లోపం లెక్కలో ఉంది. ఐఈ 7 ప్రతి పొజిషన్ ఇచ్చిన పెట్టెనూ ఒక సొంత గదిలా చూస్తుంది. గది లోపల మెనూకి ఎంత హోదా ఉన్నా, బయట పోటీ గదికీ గదికీ మధ్యే. కాబట్టి జెడ్-ఇండెక్స్ ఇవ్వాల్సింది మెనూకి కాదు.. మెనూ ఉన్న హెడర్ పెట్టెకి. ఇప్పటికీ పాత సైట్ల మెనూ రిపేర్లలో ముందుగా చూడాల్సింది ఇదే.

ఐఈ 11లో పొంచి ఉన్న ఉచ్చు

ఇది మాత్రం కాస్త ఈమధ్య గొడవ. కీబోర్డుతో వెళ్లేవాళ్ల కోసం సీఎస్ఎస్‌లో 'ఫోకస్-విథిన్' అనే సదుపాయం వచ్చింది. ట్యాబ్ నొక్కుతూ వెళ్తే, లింక్ దగ్గరికి చేరగానే మెనూ తెరుచుకుంటుంది. మంచిదే కదా అని డెవలపర్లు పాత హోవర్ లైన్ పక్కనే కామా పెట్టి ఇది కూడా రాసేశారు. అంతే.. ఐఈ 11లో హోవర్ కూడా చచ్చింది!

ఎందుకంటే సీఎస్ఎస్ నియమం అలాంటిది. కామాలతో కలిపి రాసిన వాటిలో ఒక్కటి అర్థం కాకపోయినా బ్రౌజర్ ఆ మొత్తం నియమాన్ని పక్కన పడేస్తుంది. ఐఈకి, పాత ఎడ్జ్‌కి ఫోకస్-విథిన్ తెలియదు. దాంతో కలిపి తెలిసిన హోవర్‌నూ వదిలేశాయి. పరిష్కారం నిమిషం పని. రెండింటినీ విడివిడి నియమాలుగా రాస్తే చాలు. అర్థమైనది పనిచేస్తుంది, కానిది ఊరుకుంటుంది.

జావాస్క్రిప్ట్ విషయంలో శిక్ష ఇంకా పెద్దది. ఫైల్‌లో వెయ్యి లైన్లుండి, ఒక్క చోట కొత్త పద్ధతి రాత ఉన్నా పాత బ్రౌజర్ ఆ ఫైల్ మొత్తాన్ని తిరస్కరిస్తుంది. యారో ఫంక్షన్లు ఐఈ 11కి తెలియవు. ఆప్షనల్ చైనింగ్ క్రోమ్ 80 కంటే ముందు వెర్షన్లకు తెలియదు. మెనూ కోడ్ తప్పేమీ లేకపోయినా, అదే ఫైల్‌లో ఉన్న ఫొటో స్లైడర్ కోడ్ వల్ల మెనూ మూగబోతుంది. మెనూ స్క్రిప్ట్‌ను పాత పద్ధతిలో రాసి, వేరే చిన్న ఫైల్‌గా ఉంచాలని చెప్పేది ఇందుకే.

ఫోన్లో బాణమే లేదు.. మరి హోవర్ ఎక్కడిది?

2007లో ఐఫోన్ వచ్చాక పాత కథ మళ్లీ మొదలైంది. వేలు గాల్లో ఉంటే ఫోన్‌కు తెలియదు, తాకితేనే తెలుస్తుంది. అంటే హోవర్ లేదు. ఐఫోన్‌లోని సఫారీ ఓ మధ్యే మార్గం ఎంచుకుంది. హోవర్ వల్ల పేజీలో ఏదైనా కొత్తగా కనిపిస్తే మొదటి ట్యాప్‌ను హోవర్‌గా, రెండో ట్యాప్‌ను క్లిక్‌గా తీసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో అయితే చాలాసార్లు ఒకే ట్యాప్‌కు మెనూ తెరుచుకుని, అదే ట్యాప్‌కు పై లింక్ కూడా తెరుచుకుంటుంది. 'వచ్చినట్టే వచ్చి మాయమైంది' అనేది సరిగ్గా ఇదే. టచ్ స్క్రీన్ విండోస్ కంప్యూటర్ల కోసం ఐఈ 10లో మైక్రోసాఫ్ట్ మరో దారి ఇచ్చింది. లింక్‌కు 'ఏరియా-హ్యాస్‌పాప్అప్' అనే గుర్తు ఉంటే మొదటి టచ్‌ను హోవర్‌గా తీసుకునేది.

2017లో వచ్చిన జియోఫోన్‌ది ఇంకో లోకం. టచ్ కూడా లేదు, బటన్లే. అందులోని కైఓఎస్ 2.5 నడిచేది ఫైర్‌ఫాక్స్ 48 కాలం నాటి ఇంజిన్ మీద. ఫోకస్-విథిన్, సీఎస్ఎస్ గ్రిడ్ ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చింది 52తో. అంటే పాత బ్రౌజర్ అనగానే మూలన పడ్డ కంప్యూటర్ ఒక్కటే గుర్తుకు రాకూడదు. చేతిలో ఉన్న ఫోన్ కూడా పాత బ్రౌజరే కావొచ్చు.

మీ ఫోన్లో మెనూ రాకపోతే ఇవి ట్రై చేయండి

ముందుగా చూడాల్సింది ఆ లింక్ ఎక్కడ తెరుచుకుందో. వాట్సాప్‌లోనో, ఇంకో యాప్‌లోనో వచ్చిన లింక్ నొక్కితే ఒక్కోసారి అది ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. మూడు చుక్కల దగ్గర నొక్కి క్రోమ్‌లో తెరవండి. అక్కడ 'డెస్క్‌టాప్ సైట్' టిక్ పెట్టి ఉంటే తీసేయండి. అది ఆన్‌లో ఉంటే మౌస్ కోసం రాసిన హోవర్ మెనూయే వస్తుంది, వేలికి లొంగదు. ఒకవేళ మొబైల్ మెనూయే పనిచేయకపోతే మాత్రం ఇదే టిక్ పెట్టి చూడటం మంచి ఉపాయం. ఫోన్‌ను అడ్డంగా తిప్పినా కొన్ని సైట్లు వేరే మెనూ చూపిస్తాయి.

అప్పటికీ రాకపోతే పేజీ అడుగుకు వెళ్లండి. చాలా సైట్లలో 'సైట్ మ్యాప్' అనే లింక్ ఉంటుంది. మెనూలో ఉన్నవన్నీ అక్కడ మామూలు లింకులుగా దొరుకుతాయి. కంప్యూటర్ అయితే మౌస్ వదిలేసి ట్యాబ్ నొక్కుతూ వెళ్లి, మెనూ పదం దగ్గర ఎంటర్ లేదా కింది బాణం కీ నొక్కి చూడొచ్చు.

ప్లే స్టోర్‌లో క్రోమ్‌తో పాటు 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ'ను కూడా అప్‌డేట్ చేసుకోవాలి. యాప్‌ల లోపల పేజీలు చూపించేది అదే. ఇక్కడో హద్దు ఉంది. ఆండ్రాయిడ్ 6కు క్రోమ్ 106, ఆండ్రాయిడ్ 7కు క్రోమ్ 119 ఆఖరి వెర్షన్లు. విండోస్ 7, 8.1 ఉన్న కంప్యూటర్లకు క్రోమ్ 109తోనే ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ అయితే 115 ఈఎస్ఆర్ దాకా వస్తుంది. అప్‌డేట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఆపైన రాదు.

సైట్ నడిపేవాళ్లు చేయాల్సింది

అసలు బాధ్యత వీళ్లదే. అందరూ కొత్త ఫోన్ కొనలేరు, సైట్‌ను మాత్రం ఎవరైనా సరిచేయొచ్చు. పైనున్న 'సేవలు' లాంటి పదం కూడా లింకే అయి ఉండి, అది నిజంగా ఒక పేజీకి వెళ్లాలి. ఆ పేజీలో లోపలి లింకులన్నీ వరసగా ఉండాలి. జావాస్క్రిప్ట్ పనిచేస్తే అదే పదం బటన్‌గా మారి, నొక్కగానే జాబితా తెరుస్తుంది. పనిచేయకపోతే మామూలు పేజీ తెరుచుకుంటుంది. ఏ బ్రౌజర్ అయినా, ఎంత పాతదైనా మనిషి మాత్రం లింక్ దగ్గరికి చేరతాడు. సకర్‌ఫిష్ చెప్పిందీ చివరికి ఇదే.. లింకులు పేజీలో ఉండాలి, షోకులు తర్వాత.

బాణం జారిపోయే బాధ కూడా తగ్గించాలి. పై పదానికీ, కింది జాబితాకీ మధ్య ఒకటి రెండు పిక్సెళ్ల ఖాళీ ఉన్నా బాణం అక్కడికి రాగానే మెనూ మూసుకుంటుంది. ఆ ఖాళీని మార్జిన్‌తో కాకుండా ప్యాడింగ్‌తో నింపితే సరిపోతుంది. అమెజాన్ మెనూలో పక్క జాబితాలోకి బాణాన్ని ఏటవాలుగా తీసుకెళ్లినా మూసుకోకపోవడాన్ని 2013లో బెన్ కామెన్స్ అనే డెవలపర్ విశ్లేషించారు. బాణం ఉన్న చోటు నుంచి పక్క జాబితా రెండు మూలలకూ ఒక ఊహా త్రికోణం గీసి, బాణం అందులో కదులుతున్నంతసేపు మెనూను మార్చకుండా ఆపుతారు. వణికే చేతులతో మౌస్ పట్టుకునే పెద్దవాళ్లకు ఇలాంటివే అక్కరకొస్తాయి.

ఇది ఇష్టముంటే చేసే పని మాత్రమే అనుకోనక్కర్లేదు. 2018 జూన్‌లో వచ్చిన అంతర్జాతీయ వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల 2.1 వెర్షన్‌లో హోవర్ గురించే ప్రత్యేకంగా ఒక నిబంధన పెట్టారు. తెరుచుకున్నదాన్ని బాణం కదపకుండానే మూయగలగాలి, బాణాన్ని దాని మీదికి తీసుకెళ్లగలగాలి, వాడేవాళ్లు పక్కకు వెళ్లేదాకా అది ఉండాలి. మన దేశంలో ప్రభుత్వ సైట్ల కోసం జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలు 2009 నుంచీ ఉన్నాయి, 2023లో మూడో వెర్షన్ వచ్చింది. మౌస్ తీసేసి కీబోర్డుతో ఒకసారి, జావాస్క్రిప్ట్ ఆపేసి ఒకసారి సైట్‌ను తిరిగి చూస్తే ఎక్కడ ఆగిపోతుందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఆఫీసుల్లో ఇంకా ఐఈ మోడ్

మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న ఐఈ 11కు వీడ్కోలు చెప్పింది. అయినా పాత సైట్ల కోసం ఎడ్జ్‌లో 'ఐఈ మోడ్' ఉంచింది. దాన్ని కనీసం 2029 వరకు కొనసాగిస్తామని ప్రకటించింది. పాత ఆఫీసు సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లకు ఇక్కడో చిట్కా. ఐఈ మోడ్‌లో మెనూ బ్యానర్ వెనక్కి పోతుంటే, అడ్రస్ బార్‌లోని ఐఈ గుర్తు మీద నొక్కండి. అక్కడ 'కంపాటిబిలిటీ వ్యూ' ఆన్‌లో ఉందేమో చూడండి. అది పేజీని ఐఈ 7లా చూపిస్తుంది.. దాంతో పాటే ఐఈ 7 నాటి జెడ్-ఇండెక్స్ గొడవ తిరిగొస్తుంది. ఆఫ్ చేసి పేజీ రీలోడ్ చేస్తే చాలాసార్లు మెనూ ముందుకొస్తుంది. ఆఫ్ చేశాక పేజీలో ఇంకేదైనా చెడిపోతే మాత్రం మళ్లీ ఆన్ చేసి, హెడర్ పెట్టెకు జెడ్-ఇండెక్స్ పెంచమని ఐటీ వాళ్లకు చెప్పాలి.